ఒంటి తీగ మీద దీవులు

ఇంటర్నెట్ గొప్పతనం చెప్పేవాళ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. ఒక దారి మూసుకుపోతే సమాచారం ఆగదని, ఇంకో దారి వెతుక్కుని గమ్యం చేరుతుందని. ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. అమెరికాలోని రాండ్ సంస్థలో పాల్ బారన్ 1960ల మొదట్లో సరిగ్గా ఈ చిక్కు మీదే పనిచేశాడు. యుద్ధంలో కొన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు నేలమట్టమైనా మిగిలినవి మాట్లాడుకోగలగాలంటే తీగలు చెట్టు కొమ్మల్లా కాదు, చేపల వలలా అల్లుకుని ఉండాలని తేల్చాడు. వలలో ఒక ముడి తెగినా వల వలే. ఇంచుమించు ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో డొనాల్డ్ డేవీస్ సందేశాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపే పద్ధతి ఆలోచించి, ఆ ముక్కకి ప్యాకెట్ అని పేరు పెట్టాడు. ఇవాళ మన ఫోన్‌లోంచి బయటికెళ్లే ప్రతి మాటా, ప్రతి బొమ్మా ఆ ముక్కల రూపంలోనే వెళ్తోంది. కాబట్టి దారి వెతుక్కుంటుందన్న మాట అబద్ధం కాదు. కాకపోతే అందులో పైకి చెప్పని షరతు ఒకటి దాగి ఉంది: ఇంకో దారంటూ ఉండాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్లకి ఈ షరతు కంటికి కనిపించదు, ఎందుకంటే వాళ్ల చుట్టూ పది దారులున్నాయి. అది స్పష్టంగా కనిపించాలంటే అండమాన్ నికోబార్ దీవుల వైపు చూడాలి. నెట్‌వర్క్ భద్రత అనగానే మనకి తాళాలు, పాస్‌వర్డ్‌లు, హ్యాకర్లు గుర్తుకొస్తారు. వాటన్నిటికంటే ముందు వచ్చే భద్రత రెండో దారి అనడానికి ఆ దీవుల కంటే మంచి రుజువు మన దేశంలో లేదు.

ఆ దీవులు మనకి పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్న 3 లక్షల 80 వేల మందిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకి, కూలికి, ఉద్యోగాలకి వెళ్లి స్థిరపడినవాళ్లూ వాళ్ల పిల్లలూ మనవలూ. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారింది గానీ, మనవాళ్ల నోట్లో ఇంకా పాత పేరే నలుగుతోంది. ఈ ఊరి నుంచి చెన్నైకైనా విశాఖకైనా దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. దాన్ని దాటడానికి 2020 దాకా నెట్‌కి ఉన్న ఆధారం ఆకాశంలోని ఉపగ్రహమే. అది మోయగలిగింది కొద్ది గిగాబిట్లు. మెయిన్‌లాండ్‌లో పిల్లలు ఫోన్‌లో సినిమాలు చూస్తున్న కాలంలో అక్కడ ఒక ఫోటో పంపడమే పెద్ద పని. దీవులకి సముద్రం అడుగున కేబుల్ వేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014లోనే సిఫార్సు చేసింది. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకి కలిపి సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్. ఖర్చు 1,224 కోట్లు. బీఎస్ఎన్ఎల్ పని చేయించింది, జపాన్‌కి చెందిన ఎన్ఈసీ తీగ వేసింది. చెన్నై, పోర్ట్‌బ్లెయిర్ మధ్య సెకనుకి రెండు 200 గిగాబిట్ల సామర్థ్యం, పోర్ట్‌బ్లెయిర్ నుంచి మిగతా దీవులకి రెండు 100 గిగాబిట్లు. ఆకాశం మోసినదానితో పోలిస్తే ఇది వంద రెట్ల లెక్క. కాలవ గట్టు మీద బతికినవాళ్లకి గోదారి వచ్చినట్టే.

ఇప్పుడు ఒక్క ప్యాకెట్ వెంట నడిచి చూద్దాం. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఉండే ఒకాయన శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేశాడనుకుందాం. ఆయన ముఖం, గొంతు వందల ముక్కలై బయల్దేరతాయి. ప్రతి ముక్క మీదా తపాలా కవరు మీద రాసినట్టు ఎవరి నుంచి, ఎవరికి అని అంకెల్లో రాసిన రెండు చిరునామాలు ఉంటాయి. దారిలో రూటర్లు అనే పెట్టెలు కవరు లోపల ఏముందో పట్టించుకోవు. చిరునామా చూసి, తమ దగ్గరున్న పట్టికలో వెతికి, ఇది ఫలానా తీగ మీద పోవాలి అని పక్క రూటర్‌కి తోసేస్తాయి. ఏ రూటర్‌కీ మొత్తం దారి తెలియదు. తర్వాతి అడుగు తెలిస్తే చాలు. ఎడ్లబండి రోజుల్లో ప్రతి కూడలిలో ఒకర్ని అడిగి ముందుకు సాగినట్టే. ప్రపంచమంతటి పెద్ద రూటర్ల పట్టికల్లో ఇవాళ దాదాపు పది లక్షల దారులు రాసి ఉంటాయి. వాటిని ఎవరో ఒక అధికారి కూర్చుని రాయలేదు. బీఎస్ఎన్ఎల్, జియో, గూగుల్ లాంటి వేల సంస్థలు ఒక్కోటీ ఒక్కో నెట్‌వర్క్. ఈ చిరునామాలు నా దగ్గరున్నాయి, నా ద్వారా రావచ్చు అని అవి ఒకదానికొకటి చాటుకుంటాయి. ఆ చాటింపు పద్ధతి పేరు బీజీపీ. సంస్థల మధ్య ఒప్పందాలు అడ్డురాకపోతే, ఎవరి చాటింపు దగ్గరి దారి చూపిస్తే అటు పోవడమే దాని నీతి. ఏదైనా తీగ తెగితే చాటింపు వెనక్కి పోతుంది, కాసేపట్లో పట్టికలు మారతాయి, ప్యాకెట్లు ఇంకో వైపు మళ్లుతాయి. బారన్ కలగన్న వల ఇదే. అయితే పోర్ట్‌బ్లెయిర్ చివర ఉన్న రూటర్‌కి ఈ పది లక్షల దారులూ ఎందుకు? బయటికి పోయే తీగ ఒక్కటే ఉన్నప్పుడు దాని పట్టికలో ఒక్క వాక్యం చాలు: తెలియని చిరునామా ఏదైనా సరే, చెన్నైకి తోసెయ్. నెట్‌వర్క్ భాషలో దీన్ని డిఫాల్ట్ రూట్ అంటారు. ఎంపిక లేని చోట తెలివికి పనిలేదు. ప్రపంచంలోకెల్లా తెలివైన రూటర్‌ని తెచ్చి అక్కడ పెట్టినా, ఆ తీగ తెగిన క్షణంలో అది చేయగలిగింది ప్యాకెట్‌ని పారేయడమే.

ఇది ఊహ కాదు, ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చుని కొలవగల సంగతి. ట్రేస్‌రూట్ అనే చిన్న సాధనం దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. దాని కిటుకు భలే ఉంటుంది. ప్రతి ప్యాకెట్‌కీ ఆయుష్షు అంకె ఒకటి ఉంటుంది, రూటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ఆ రూటర్ ప్యాకెట్‌ని చంపి, నా దగ్గర చనిపోయింది అని కబురు పంపుతుంది. దారి తెలియక తిరిగిన చోటే తిరిగే ప్యాకెట్లు నెట్‌ని నింపెయ్యకుండా పెట్టిన కట్టుబాటు ఇది. ట్రేస్‌రూట్ దాన్ని తన పనికి వాడుకుంటుంది. ఆయుష్షు 1 పెట్టి ఒక ప్యాకెట్, 2 పెట్టి ఇంకోటి, 3 పెట్టి మరోటి పంపుతూ పోతుంది. ఒక్కో చావు కబురూ ఎంతసేపట్లో వచ్చిందో లెక్కపెడితే దారి మొత్తం గీసినట్టు కనిపిస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నైకి పోయి రావడానికి లెక్క ప్రకారం కనీసం 12 మిల్లీసెకన్లు, కేబుల్ వంకరల వల్ల ఇంకొంచెం ఎక్కువ. భూస్థిర ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తున. మాట పైకెక్కి కిందికి దిగి, జవాబు మళ్లీ పైకెక్కి దిగాలంటే 480 మిల్లీసెకన్లు దాటుతుంది. కాబట్టి ట్రేస్‌రూట్‌లో సముద్రం దాటే గంతు దగ్గర ఇరవై లోపు అంకె కనిపిస్తే మీ మాట సముద్రం అడుగున నడుస్తోంది, అయిదు వందల దగ్గర కనిపిస్తే ఆకాశంలో. పాత రోజుల్లో దీవులకి ఫోన్ చేసినవాళ్లు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేసి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి, మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలెట్టడానికి కారణం ఈ అరసెకనే.

ఇంతమందిని మోస్తున్న ఆ తీగ ఎంత లావుంటుందో తెలిస్తే చాలామంది నమ్మరు. లోతు సముద్రంలో వేసే ఇలాంటి కేబుళ్లు తోటకి నీళ్లు పెట్టే గొట్టమంత. మధ్యలో వెంట్రుకల్లాంటి గాజు పోగులు, చుట్టూ ఉక్కు తీగలు, కరెంటు మోసే రాగి పొర, పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు. అరవై, ఎనభై కిలోమీటర్లకోసారి అలసిన వెలుతురుకి మళ్లీ ఊపిరి పోసే రిపీటర్ ఉంటుంది, ఆ కరెంటు దాని కోసమే. ఒడ్డుకి దగ్గరయ్యే కొద్దీ ఉక్కు కవచం పెరుగుతుంది. ఎందుకంటే కేబుల్‌కి సొరచేపల కంటే మనుషులతోనే భయం. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 దాకా కేబుల్ దెబ్బలు నమోదవుతుంటే, వాటిలో ఎక్కువ భాగం అడుగంటా ఈడ్చే వలల వల్ల, దించిన లంగర్ల వల్ల జరిగేవే. అండమాన్‌కి ఇవి చాలవన్నట్టు అడుగున భూమి కూడా స్థిరం కాదు. ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరుతున్న అంచు మీద ఆ దీవులున్నాయి. దేశంలోని ఏకైక సజీవ అగ్నిపర్వతం బారెన్ దీవి అక్కడే ఉంది. 2004 డిసెంబరు 26 భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస కుంగిపోయి, ఇందిరా పాయింట్ లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. భూకంపం కేబుల్‌ని ఎలా తెంచుతుందో 1929లో కెనడా దగ్గర గ్రాండ్ బ్యాంక్స్ వద్ద తెలిసొచ్చింది. అక్కడ కేబుళ్లన్నీ ఒకేసారి తెగలేదు, కొన్ని వెంటనే పోయినా మిగిలినవి భూకంపం తర్వాత గంటల తరబడి ఒకదాని తర్వాత ఒకటి, పై నుంచి లోతుకి వరసలో తెగాయి. సముద్రం అడుగున బురద కొండవాగులా దొర్లుకుంటూ పోతుందని శాస్త్రజ్ఞులకి సాక్ష్యం చెప్పినవి ఆ తెగిన టెలిగ్రాఫ్ తీగలే. 2006 డిసెంబరు 26న తైవాన్ దక్షిణాన ఇదే జరిగి అనేక కేబుళ్లు పోయాయి, బాగుచేయడానికి వారాలు పట్టింది. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ దేశానికున్న ఒకే ఒక్క అంతర్జాతీయ కేబుల్ తెగి, తిరిగి అతకడానికి అయిదు వారాలైంది.

అయిదు వారాలంటే అందులో అతుకు పని కొద్దిగే. తెగిన చోటు కనుక్కోవడం నిజానికి తేలిక. ఒడ్డు నుంచి ఒక వెలుతురు తునక పంపి, తెగిన కొస నుంచి అది తిరిగొచ్చే సమయం చూస్తారు, మిల్లీసెకనుకి వంద కిలోమీటర్ల చొప్పున దూరం తేలిపోతుంది. అసలు ఆలస్యం ఓడది. కేబుల్ రిపేరు ఓడలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. అలాంటి ఓడ మన దేశ జెండా కింద ఒక్కటీ లేదని, విదేశీ ఓడల మీద ఆధారపడుతున్నామని ట్రాయ్ 2023 సిఫార్సుల్లో ఎత్తిచూపింది. ఓడ రావాలి, అనుమతులు కావాలి, సముద్రం నెమ్మదించాలి. బంగాళాఖాతం ఎప్పుడు నెమ్మదిగా ఉంటుందో వేటకి పోయేవాళ్లని అడిగితే తెలుస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రెండు 200 గిగాబిట్లు అంటున్నారు కదా, అంటే రెండు దారులున్నట్టే కదా అని. లేవు. ఒకే తొడుగులో పక్కపక్కన రెండు జతల పోగులున్నా, లంగరు కొక్కెం వాటిని విడివిడిగా ఎంచి తెంచదు. ఒకే వంతెన మీద రెండు వరుసల రోడ్డు వేస్తే అవి రెండు వంతెనలు కావు. ఒక పోగు పాడైతే రెండోది ఆదుకుంటుంది, ఒక పరికరం కాలిపోతే ఇంకోటి ఆదుకుంటుంది. కాగితం మీద ఈ లెక్క బాగుంటుంది. తీగ మొత్తం తెగితే మాత్రం లెక్క సున్నాయే. నెట్‌వర్క్ కట్టేవాళ్లు దారులు లెక్కపెట్టేటప్పుడు పోగుల్ని కాదు, ఒకే ప్రమాదానికి కలిసి బలయ్యేవాటిని ఒకటిగా లెక్కపెడతారు. ఆ లెక్కలో చెన్నై నుంచి దీవులకి ఉన్నది ఒక్కటే.

ఇంకొందరు అనేదేమిటంటే, భద్రత అంటే దొంగతనం గురించి మాట్లాడాలి గానీ తీగ తెగడం గురించి కాదని. దొంగతనం సంగతీ చూద్దాం. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ని ఆపమని ఆదేశం వచ్చింది. పాకిస్తాన్ టెలికాం తన దేశంలో ఆపడానికి, యూట్యూబ్ చిరునామాలు నా దగ్గరున్నాయి అని తన రూటర్లలో రాసుకుంది. ఆ రాత సరిహద్దు దాటి బయటికి పాకింది. దారి దగ్గరదా దూరమా అని చూడకముందే, రూటర్ల దగ్గర ఎక్కువ వివరంగా ఉన్న చిరునామాకే గెలుపు. విశాఖ అని రాసిన బోర్డు కంటే విశాఖ ద్వారకానగర్ అని రాసిన బోర్డు వైపు పోస్టుమేన్ పోయినట్టు, ప్రపంచంలో చాలా భాగం యూట్యూబ్ ప్యాకెట్లు రెండు గంటల పాటు పాకిస్తాన్ వైపు పోయి అక్కడ మాయమయ్యాయి. చాటింపుని నమ్మడమే తప్ప నిజమా అని అడిగే అలవాటు బీజీపీకి పుట్టుకతో లేదు. తర్వాతి కాలంలో ఈ చిరునామాలు ఫలానా సంస్థవే అని సంతకం చేసి ధ్రువీకరించే ఏర్పాటు, ఆర్‌పీకేఐ, వచ్చింది. అందరూ అమలు చేస్తే ఇలాంటి తప్పుడు చాటింపులు చాలావరకు ఆగుతాయి. ఇక దారిలో కవరు విప్పి చదివేవాళ్ల బాధకి ఎన్‌క్రిప్షన్ ఉంది. ఉత్తరం కార్డు మీద కాకుండా తాళం వేసిన పెట్టెలో పంపడం లాంటిది. బ్రౌజర్‌లో తాళం గుర్తు, వాట్సాప్‌లో రెండు చివరల మధ్యే తెరుచుకునే రహస్యం, రెండూ అదే పని చేస్తాయి. వీటిని తక్కువ చేయడం లేదు. కానీ ఇవన్నీ కాపాడేది ఉత్తరం లోపలి మాటని. పడవే లేకపోతే తాళం వేసిన పెట్టె రేవులోనే ఉంటుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆరు గంటలు కనిపించకుండా పోయినప్పుడు ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఆ సంస్థ తన దారుల చాటింపుని తానే పొరపాటున వెనక్కి తీసుకుంది. ఆ సంస్థ దగ్గర తాళాలకీ తెలివికీ కొదవ లేదు, ఆ ఆరు గంటలు లేనిది దారే.

కేబుల్ పోయినప్పుడు ఉపగ్రహాలు ఉన్నాయి కదా, ఇప్పుడు స్టార్‌లింక్ లాంటివి కూడా వస్తున్నాయి కదా అన్నది మరింత గట్టి ప్రశ్న. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి అరసెకను ఆలస్యం ఉండదు, మన దేశంలో వాటికి 2025లో లైసెన్సు కూడా వచ్చింది. విపత్తు రోజున ఆస్పత్రికి, హార్బరుకి, వాతావరణ కేంద్రానికి ఇవి ప్రాణాధారమే. వద్దనడానికి వీల్లేదు. కానీ అలవాట్లు కేబుల్ పరిమాణానికి పెరిగాక వాటిని ఆకాశంలోకి ఎక్కించలేం. 400 గిగాబిట్ల వాడకం నాలుగైదు గిగాబిట్లలో ఇరికించాలంటే నూటికి తొంభై తొమ్మిది ప్యాకెట్లు బయట నిలబడాలి. దీని రుచి తైవాన్‌కి చెందిన మత్సు దీవులు చూశాయి. 2023 ఫిబ్రవరిలో వారం తిరగకుండా వాటి రెండు కేబుళ్లూ తెగాయి. పధ్నాలుగు వేల మంది దాదాపు యాభై రోజులు మైక్రోవేవ్ లింకు మీద బతికారు, ఒక్క మెసేజ్ వెళ్లడానికి నిమిషాలు పట్టింది. అంటే రెండు తీగలున్నా చాలలేదని మత్సు చెబుతోందిగా అని వాదించవచ్చు. నిజమే, కానీ అక్కడ రెండూ ఒకే నీళ్లలో, ఒకే ఓడల రద్దీ కింద ఉన్నాయి. రెండో దారి అంటే రెండో తీగ కాదు, రెండో ప్రమాదం మీద ఆధారపడే తీగ. ఆకాశపు దారి ఉంచుకోవాల్సిందే, కాకపోతే అందులో ఎవరు ముందు వెళ్లాలో ఇప్పుడే రూటర్లలో రాసిపెట్టాలి. లేదంటే ఆ రోజున అంబులెన్స్ కబురు, క్రికెట్ వీడియో ఒకే క్యూలో నిలబడతాయి.

నాలుగు లక్షల మందికి ఇంత ఖర్చా అన్నది చివరగా వినిపించే మాట. మొదటి కేబుల్‌నే జనాభాతో భాగిస్తే మనిషికి 32 వేల రూపాయలు దాటుతుంది. ఈ డబ్బు టెలికాం కంపెనీల రాబడి నుంచి తీసిన అప్పటి సార్వత్రిక సేవా నిధిది. అంటే మనమంతా కట్టిన ఫోన్ బిల్లుల్లోంచి దూరంగా ఉన్నవాళ్ల కోసం పక్కన పెట్టినది. దూరం వాళ్ల తప్పు కాదు. లక్షద్వీప్‌కి కూడా ఇదే నిధితో 2024 జనవరిలో కొచ్చి నుంచి కేబుల్ వెళ్లింది. పైగా అండమాన్ తీగ మీద ఉన్నది జనం ఫోన్లు మాత్రమే కాదు, త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న ఊరు పోర్ట్‌బ్లెయిర్. అన్ని దీవులకీ తీగ ఇవ్వాలని మాత్రం కాదు. బయటివాళ్లని రానివ్వని ఉత్తర సెంటినల్ దీవికి అది వెళ్లలేదు, వెళ్లకపోవడమే న్యాయం. ఖర్చు తగ్గించే దారి ఒకటి కేబుల్ వేయకుండానే ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో పక్కపక్క వీధుల్లో ఉన్న ఇద్దరు వాట్సాప్‌లో పలకరించుకున్నా ఆ పలకరింపు సముద్రం దాటి సర్వర్‌ని తాకి వెనక్కి రావాలి. దేశంలోని మాట దేశంలోనే తిరగాలని 2003లో నిక్సీ అనే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీలు పెట్టినప్పుడు ఏ తర్కం ఉందో, దీవికీ అదే తర్కం వర్తిస్తుంది. ఆస్పత్రి రికార్డులు, ఓడ టికెట్లు, తుపాను హెచ్చరికలు, బడి పాఠాలు, పేరుని అంకెల చిరునామాగా మార్చి చెప్పే డీఎన్ఎస్ నకళ్లు, ఇవన్నీ దీవిలోనే ఉన్న కంప్యూటర్లలో ఉంచితే, తీగ తెగిన రోజున దీవి బయటి లోకంతో విడిపోతుంది గానీ తనలో తాను మూగబోదు.

రెండో తీగ ఎక్కడి నుంచి వేయాలి? మళ్లీ చెన్నై నుంచే వేస్తే మత్సు పొరపాటే. విశాఖ నుంచి వేయాలన్నది నా వాదన. నిన్నటిదాకా ఇది ఊహలా ఉండేది, ఎందుకంటే మన తూర్పు తీరంలో సముద్రపు కేబుళ్లు ఒడ్డెక్కే పెద్ద చోటు చెన్నైయే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్‌తో పాటు అంతర్జాతీయ సముద్ర కేబుళ్ల ద్వారం కూడా కడతామని ప్రకటించింది. అది పూర్తయితే చెన్నై మునిగినా కదలని ఇంకో గడప తూర్పు తీరానికి దొరుకుతుంది. విశాఖకి మాత్రం తుపాన్లు రావా అంటే, వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో సెల్ టవర్లని, కరెంటుని ఎలా మూగబరిచిందో ఉత్తరాంధ్ర మర్చిపోలేదు. 2015 డిసెంబరులో చెన్నై వరదలూ అంతే. ఆ రెండింటి మధ్య పధ్నాలుగు నెలలు తేడా. రెండు చోట్లా తీగలుండి ఉంటే, హుద్‌హుద్ రోజున దీవులు చెన్నై వైపు నుంచి, వరదల రోజున విశాఖ వైపు నుంచి పలికేవి. రెండు తీగలూ దీవుల దగ్గర కూడా ఒకే చోట కాకుండా, ఒకటి దక్షిణ అండమాన్‌లో, ఇంకోటి ఉత్తరాన డిగ్లీపూర్ వైపు ఒడ్డెక్కాలి. అప్పుడు అదొక ఉంగరం అవుతుంది. విశాఖ, దీవులు, చెన్నై, నేల మీది తీగ, మళ్లీ విశాఖ. ఎక్కడ తెగినా అవతలి వైపు నుంచి తిరిగి రావచ్చు. జంగ్లీఘాట్ నుంచి సోంపేటకి పోయే పలకరింపు అప్పుడు చెన్నై చుట్టూ తిరగకుండా, వాళ్ల తాతలు ఓడెక్కిన తీరానికే నేరుగా చేరుతుంది. పోర్ట్‌బ్లెయిర్ రూటర్‌లోని ఆ ఒక్క వాక్యం కింద రెండోది రాయడానికి ఒక సాంకేతిక ఉద్యోగికి అయిదు నిమిషాలు చాలు.